ఒకే కప్పు, 6 విడతలు: మా ఇద్దరి మట్టి పని డైరీ

ఈ డైరీ అంతా ఒక్క వస్తువు గురించే. పిడి ఉన్న కప్పు. అంచు దాకా పోస్తే 340 మి.లీ. పట్టాలి, పక్కపక్కన పెడితే ఒకేలా ఉండాలి, ఆరు నెలల తర్వాత వచ్చి అడిగినా అదే కప్పు మళ్లీ ఇవ్వగలగాలి. మొదట్లో మేం గిన్నెలు, కూజాలు, పళ్లేలు అన్నీ చేశాం. ఏదైనా పాడైతే ఎందుకు పాడైందో చెప్పలేకపోయాం, ఎందుకంటే ప్రతిదాని ఆకారం వేరు, మందం వేరు, పైన వేసే గాజులాంటి పూత, అంటే గ్లేజు, వేరు. అందుకే అవన్నీ ఆపేసి ఒక మట్టి, ఒక ఆకారం, ఒక గ్లేజు అని కూర్చున్నాం. సారె, అంటే కుమ్మరి చక్రం, మీద పని మా ఆయనది. పిడులు, గ్లేజు, కిల్న్ (మట్టి సామాను కాల్చే కొలిమి), లెక్కలు నావి.

ఇదే పని మొదలుపెట్టేవాళ్లకి మేం పడ్డ తిప్పలు తప్పాలని కొలతలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

సామాను: కరెంటు సారె, లోపల 40 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు ఉన్న కరెంటు కిల్న్, 1 గ్రాము తేడా చూపించే తూకం, 80 మెష్ (అంగుళానికి 80 కళ్లున్న) జల్లెడ, కోసే తీగ, స్పాంజి, అడుగు చెక్కే పనిముట్లు రెండు, స్టీలు స్కేలు. మట్టి కోన్ 6 స్టోన్‌వేర్, అంటే సుమారు 1222 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిపడేది. కిల్న్‌లో పలకకి 8 చొప్పున 3 పలకలు పడతాయి. అందుకే విడతకి 24 కప్పులు.

## విడత 1: 24 చేస్తే 3

పోయినవి ఇలా పోయాయి:

1. పిడి అతికిన చోట బీటలు: 9
2. అడుగున బీటలు: 4
3. మొదటి కాల్పులో (గ్లేజు వెయ్యకముందు కాల్చేది) ఒకటి పేలింది, దాని ముక్కలు తగిలి పక్కవి రెండు: 3
4. గ్లేజు కారి పలకకి అంటుకున్నవి: 3
5. గ్లేజు మీద సూదిబెజ్జాలు: 2

మొత్తం: చేసినవి 24, అమ్మదగినవి 3, వాడిన మట్టి 11 కిలోలు.

ఆ మూడు కూడా చిన్నపిల్లల కప్పుల్లా వచ్చాయి. తడిగా ఉన్నప్పుడు 300 మి.లీ. పట్టేలా చేశాం, కాల్చాక కొలిస్తే 205 మి.లీ. పట్టింది. మట్టి కుంచించుకుపోతుందని తెలుసు, కానీ ఎంతో కొలవలేదు. కొలవడం చాలా తేలిక:

1. అదే మట్టితో 14 సెం.మీ. పొడవు పట్టీలు నాలుగు చెయ్యాలి.
2. తడి మీదే ఒక్కోదాని మీద సరిగ్గా 100 మి.మీ. దూరంలో రెండు గీతలు గియ్యాలి.
3. ఆరాక ఒకసారి, చివరి కాల్పు తర్వాత ఒకసారి ఆ దూరం కొలవాలి.

మాకు ఆరాక 94, చివరికి 88 వచ్చింది. అంటే 12 శాతం. ఇక్కడే మేం పొరపడ్డాం, 12 శాతం తగ్గేది పొడవు మాత్రమే. కప్పులో పట్టే కొలత మూడు వైపులా తగ్గుతుంది కాబట్టి 0.88 ని మూడుసార్లు గుణించాలి, 0.68 వస్తుంది. 340 మి.లీ. కావాలంటే తడిగా 500 మి.లీ. పట్టాలి. దాంతో ముద్ద 400 గ్రాములు, పిడికి 60 గ్రాములు అని నిర్ణయించాం. తడిగా ఉన్నప్పటి ఎత్తు 102 మి.మీ., బయటి వెడల్పు 91 మి.మీ. సారె పక్కన ఒక చెక్కపుల్ల నిలబెట్టి దాని కొనని ఆ ఎత్తు దగ్గర, ఆ వెడల్పు దగ్గర ఉంచాం. అంచు ఆ కొనకి దాదాపు తగిలితే చాలు, స్కేలు పట్టుకోవాల్సిన పనే లేదు.

## పిడులు

తొమ్మిది కప్పులు పిడి దగ్గరే పోవడం నా తప్పే. కప్పులన్నీ చేసి, మర్నాడు సాయంత్రం తీరిగ్గా పిడులు లాగి అతికించాను. అప్పటికి కప్పు సగానికి పైగా ఆరింది, పిడి పచ్చిగా ఉంది. కప్పు ఇంకా కాస్తే కుంచించుకుంటుంది, పిడి చాలా కుంచించుకోవాలి, అతికిన చోటు ఆ లాగుడికి తట్టుకోలేదు. మరింత గట్టిగా నొక్కితే, మరింత పలచమట్టి పూస్తే ఆగుతుందేమో అని రెండో విడతలో ప్రయత్నించాను. నాలుగు పోయాయి. నొక్కుడులో లేదు, రెండింటి తడిలో ఉంది.

"ఎంత ఆరిందో గోరుతో నొక్కి చూస్తే తెలుస్తుంది" అని మా ఆయన అన్నారు. ఆయన గోరుకి తెలుస్తుందేమో, నాకు రోజుకో రకంగా అనిపించేది. అందుకని తూకం పెట్టాను. సారె మీద నుంచి కోసి తీసిన కప్పు 390 గ్రాములు ఉంటే, అది 358 అయ్యేదాకా ఆగాలి. మా మట్టికి అదే సరైన సమయం. వేరే మట్టికి అంకె మారుతుంది, కానీ పద్ధతి ఇదే: రెండు మూడు తూకాల దగ్గర అతికించి చూసి, ఏది బీట పడలేదో అది పట్టుకోవాలి.

ఇప్పుడు చేసే తీరు:

1. కప్పు 370 గ్రాములు ఉన్నప్పుడే పిడులు లాగి, వంచి పలక మీద పెట్టేస్తాను. కప్పు 358 కి వచ్చేసరికి పిడి కూడా కొంత గట్టిపడుతుంది.
2. ముందు అడుగు చెక్కడం, తర్వాతే పిడి. ఈ వరస తిప్పితే చెక్కేటప్పుడు పిడి అడ్డం వస్తుంది.
3. రెండు వైపులా గీతలు గీకి, అదే మట్టితో చేసిన పలచమట్టి పూసి, అటూ ఇటూ కాస్త కదుపుతూ అతకాలి.
4. 24 గంటలు ప్లాస్టిక్ కవరు కింద ఉంచాలి. ఈలోగా పిడిలో తడీ కప్పులో తడీ సమానమవుతాయి.
5. తర్వాత కవరు తీసి, తలకిందులుగా బోర్లించి ఆరబెట్టాలి.

మూడో విడతలో పిడి దగ్గర పోయింది ఒక్కటే.

## అడుగున బీట

ఇది ఎక్కువగా వంకీ తిరిగిన బీటగా వస్తుంది, ఆరేటప్పుడు కనిపించీ కనిపించనట్టు ఉండి కాల్చాక నోరు తెరుస్తుంది. సారె మీద గోడని చేతులతో నొక్కి పైకి లాగుతాం కాబట్టి అక్కడ మట్టి బిగువుగా ఉంటుంది, అడుగు మధ్యలో ఎవరూ నొక్కరు. పైగా లోపల నీళ్లు నిలబడితే అక్కడే మెత్తబడుతుంది. రెండో విడతలో మూడు పోయాక 12 కప్పులతో విడిగా పరీక్ష పెట్టాం. ఇవి విడతల లెక్కలోవి కావు. ఆరింటికి అడుగుని ఎప్పటిలా వదిలేశాం, ఆరింటికి చెక్కబద్దతో మధ్య నుంచి అంచుకీ, అంచు నుంచి మధ్యకీ మూడుసార్లు గట్టిగా నొక్కి, స్పాంజితో నీళ్లు తీసేశాం. వదిలేసిన ఆరింటిలో మూడు బీట పడ్డాయి. నొక్కినవాటిలో ఒక్కటీ పడలేదు. అడుగు మందం కూడా గోడకి దగ్గరగా, 5 మి.మీ. ఉండేలా చెక్కుతున్నాం. మందం ఎక్కువైతే గోడ ఆరిపోయాక కూడా అడుగు ఇంకా ఆరుతూ ఉంటుంది.

బీట పడ్డ పచ్చి కప్పులు వృథా కావు. నీళ్లలో నానబెట్టి, ప్లాస్టర్ పలక మీద పరిచి మళ్లీ పిసకొచ్చు. కానీ పలక అంచులు గీకకూడదు. ప్లాస్టర్ పెచ్చు మట్టిలో కలిస్తే కాల్చిన తర్వాత ఎప్పుడో అక్కడ చిన్న పెంకు ఊడి వస్తుంది.

## మొదటి కాల్పు

పేలిన కప్పు గురించి మాకు తెలిసినవాళ్లందరూ లోపల గాలిబుడగ ఉండి ఉంటుందన్నారు. బుడగ కాదు, తడి. మట్టిలో మిగిలిన నీళ్లు 100 డిగ్రీలు దాటగానే ఆవిరై, బయటికి పోయే దారి లేకపోతే గోడని పగలగొడతాయి. పైకి తెల్లగా, పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నట్టే. నేను అదీ చూస్తాను, తూకమూ చూస్తాను. రెండు రోజులు ఒకే తూకం వస్తేనే లోపల పెట్టడం.

ఇప్పుడు వాడుతున్న వరస:

1. 85 డిగ్రీల దగ్గర 8 గంటలు, రాత్రంతా. గాలి రంధ్రం తెరిచే ఉంచాలి.
2. అక్కడి నుంచి 600 దాకా గంటకి 100 డిగ్రీలు. 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా కాస్త వ్యాకోచిస్తుంది, అక్కడ తొందర పనికిరాదు.
3. 600 నుంచి 900 దాకా కూడా గంటకి 100. ముందు 150 పెట్టేదాన్ని, ఎందుకు మార్చానో కింద సూదిబెజ్జాల దగ్గర రాస్తాను.
4. 900 నుంచి 1000 దాకా గంటకి 60, అక్కడ 15 నిమిషాలు ఆపి కట్టెయ్యడం.
5. 100 లోపు చల్లారేదాకా మూత తియ్యకూడదు.

రెండో విడత నుంచి ఇప్పటిదాకా మొదటి కాల్పులో ఒక్కటీ పేలలేదు.

రెండో విడత తర్వాత: చేసినవి 48, అమ్మదగినవి 12, మట్టి 22 కిలోలు. (ఈ విడతలో పిడి 4, అడుగు 3, పలకకి అంటుకున్నవి 4, సూదిబెజ్జాలు 4. మిగిలినవి 9.)

## కిల్న్ చెప్పే అంకె నిజం కాదు

రెండో విడతలోనూ గ్లేజు కారింది. నేను గ్లేజునే అనుమానించాను, నిజమే, అది చిక్కగానే ఉంది. 100 మి.లీ. తూచితే 158 గ్రాములు, అంటే 1.58. నీళ్లు కలిపి 1.45 కి తెచ్చాను. కప్పుని గ్లేజులో ముంచే సమయం మనసులో లెక్కపెట్టి 3 సెకన్లు. అడుగు నుంచి 5 మి.మీ. పైదాకా గ్లేజు అంటకుండా మైనం. గ్లేజు కారినా అంటుకోకుండా పలకలకి కేవొలిన్ (తెల్లమట్టి), అల్యూమినా హైడ్రేట్ పొడి సగం సగం తూకంలో నీళ్లలో కలిపి రెండు పూతలు. ఇన్ని చేసి, ఖాళీగా ఉన్న ఒక పలక మీద నాలుగు కప్పులతో ప్రయత్నిస్తే రెండు మళ్లీ కారాయి.

అప్పుడు కోన్లు పెట్టాం. ఇది మొదటి రోజునే చెయ్యాల్సింది. కోన్లంటే లెక్క ప్రకారం కలిపిన మట్టితో చేసిన చిన్న కోసుగా ఉండే కడ్డీలు, ఎంత వేడి ఎంతసేపు తగిలిందో దాన్ని బట్టి వంగుతాయి. 5, 6, 7 నంబర్లు వరసగా ప్రతి పలక మీదా పెట్టాను. 6 వంగి కొన కింద తాకాలి, 7 నిలబడాలి. పై పలక మీద 6 పూర్తిగా పడుకుంది, 7 కూడా సగం వంగింది. మీటరు మాత్రం 1222 అనే చూపించింది. లోపల వేడిని కొలిచే పరికరం, థర్మోకపుల్, పాతబడి అసలు వేడి కంటే తక్కువ చూపిస్తోంది, కిల్న్ దాన్ని నమ్మి ఇంకా కాలుస్తూ పోయింది.

ఇంగ్లండు కుమ్మరి జోసయ్య వెజ్‌వుడ్ 1782లో కొలిమి వేడిని కొలవడానికి మట్టి ముక్కలనే వాడాడు. కాలిన ముక్క ఎంత కుంచించుకుందో కొలిచి అంత వేడి అని లెక్క వేసేవాడు. అతని డిగ్రీల లెక్క తర్వాత తప్పని తేలింది, కానీ మట్టికి ఎంత వేడి తగిలిందో మట్టినే అడగాలన్న ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఇప్పుడు మీటరు అంకె నాకు ఒక గుర్తు మాత్రమే, తీర్పు కోన్లది.

మార్పులు:

1. చివరి వేడి 1205 కి తగ్గించి 10 నిమిషాలు ఆపుతున్నాను. కోన్ 6 సరిగ్గా వంగుతోంది.
2. కింది పలక కాస్త తక్కువ కాలుతోంది, దాన్ని 2.5 సెం.మీ. పైకి లేపాను.
3. ప్రతి కాల్పుకీ మూడు పలకల మీదా కోన్లు, వాటి ఫొటో పుస్తకంలో అతికించడం.

వేడి తగ్గించాం కాబట్టి మట్టి సరిగ్గా గట్టిపడిందో లేదో చూడాలి. గ్లేజు లేని కప్పు పొడిగా 301 గ్రాములు. 5 గంటలు ఉడకబెట్టి, ఆ నీళ్లలోనే 24 గంటలు ఉంచి తుడిచి తూచితే 305. పీల్చింది 1.3 శాతం. కింద తడి మరక పడకుండా ఉండటానికి మాకు ఇది చాలు.

మూడో విడత తర్వాత: చేసినవి 72, అమ్మదగినవి 30, మట్టి 33 కిలోలు. (పిడి 1, సూదిబెజ్జాలు 5. మిగిలినవి 18.)

## 30 నుంచి 0 కి

ఆ 30లో 11 అమ్మాం. సుమారు రెండు వారాల తర్వాత ఒక రాత్రి, అరలో పెట్టిన కప్పుల్లోంచి చిన్నగా టింగుమని చప్పుడు వినిపించింది. కాసేపాగి మళ్లీ. దీపం దగ్గర పెట్టి చూస్తే ఏమీ కనిపించలేదు. పొద్దున్నే నల్ల సిరా రుద్ది తుడిచాను. గ్లేజు నిండా సాలెగూడులాంటి సన్నని గీతలు. ఒక్కో కప్పూ తీసి రుద్దుకుంటూ పోయాను, పంతొమ్మిదింటికీ ఉన్నాయి.

చల్లారేటప్పుడు గ్లేజు మట్టి కంటే ఎక్కువ కుంచించుకుంటే అది బిగుసుకుపోయిన తోలులా లాగుతూ ఉంటుంది, ఆ రోజు కాకపోయినా తర్వాత ఎప్పుడో చిట్లుతుంది. చిట్లిన గీతల్లోకి తడి, మరకలు దిగుతాయి, కప్పు బలం కూడా తగ్గుతుంది. నోటికి ఆనించుకునే వస్తువు అది. మా ఆయన చేతిలో పని పక్కన పెట్టి "పదకొండు మందికీ ఇవాళే చెప్పేద్దాం" అన్నారు. చెప్పాం. డబ్బు వెనక్కి ఇస్తామన్నాం, లేదా కొత్తది వచ్చేదాకా ఆగమన్నాం. తొమ్మిది మంది ఆగుతామన్నారు. ఆ రోజంతా టెన్షన్‌తో నాకు ఏ పనీ సాగలేదు, కానీ లెక్క మార్చి రాశాను.

మొత్తం: చేసినవి 72, అమ్మదగినవి 0.

మా గ్లేజు చాలామంది వాడే మామూలు కలయికే: వోలాస్టొనైట్ (కాల్షియం, సిలికా ఉన్న ఖనిజం), బోరాన్ ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు), ఫెల్డ్‌స్పార్ (ఒక రాతి పొడి), కేవొలిన్, సిలికా (ఇసుకలో ఉండే పదార్థం), ఒక్కొక్కటి 20 పాళ్లు. సీసం, కాడ్మియం లేవు. ఒకరి మట్టి మీద బాగా కూర్చునే గ్లేజు ఇంకొకరి మట్టి మీద చిట్లుతుంది, అది గ్లేజు తప్పూ కాదు మట్టి తప్పూ కాదు, రెండింటికీ పొత్తు కుదరలేదంతే. ఫ్రిట్‌లో, ఫెల్డ్‌స్పార్‌లో ఉండే సోడియం, పొటాషియం గ్లేజు కుంచింపుని పెంచుతాయి, సిలికా తగ్గిస్తుంది. అందుకని 100 పాళ్లకి అదనంగా 4, 8, 12 పాళ్ల సిలికా వేసి మూడు రకాలు కలిపాను, ఒక్కో రకానికి నాలుగు పరీక్ష కప్పులు.

పరీక్ష ఇలా: మరిగే నీళ్లలో 3 నిమిషాలు, వెంటనే ఐస్ నీళ్లలో 3 నిమిషాలు, ఇలా 5 సార్లు, తర్వాత సిరా. 4 పాళ్లది రెండోసారికే చిట్లింది. 8 పాళ్లది చిట్లలేదు. 12 ది కూడా చిట్లలేదు కానీ మెరుపు తగ్గి కాస్త గరుకుగా వచ్చింది. 8 తీసుకున్నాం. ఆ పరీక్ష కప్పుల్ని మూడు వారాలు అలాగే ఉంచి మళ్లీ సిరా రుద్దాకే నాలుగో విడతకి గ్లేజు కలిపాను. వెనిగర్‌లో 24 గంటలు సగం ముంచి, మునిగిన చోట మెరుపు మారిందా అని కూడా చూశాను, మారలేదు. రంగులు కలిపిన గ్లేజులు వాడేవాళ్లు ఈ పరీక్షతో ఆగిపోకుండా ల్యాబ్‌లో చేయించుకోవాలి.

ఒక జాగ్రత్త కూడా ఇక్కడే. సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. కలిపేటప్పుడు మంచి మాస్కు ఉండాలి, గది చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతోనే తుడవాలి. ఎండిన మట్టి పొడికీ ఇదే మాట. మేం పని బట్టలు గది దాటనివ్వం.

## సూదిబెజ్జాలు

నాలుగో విడతలో పిడి 1, సూదిబెజ్జాలు 4. మిగిలినవి 19. ఒక్కటీ చిట్లలేదు.

చేసినవి 96, అమ్మదగినవి 19, మట్టి 44 కిలోలు.

బెజ్జాలకి కారణం మట్టిలోంచి ఆలస్యంగా వచ్చే వాయువులు. గ్లేజు కరిగాక అవి పైకి వచ్చి బుడగై పగులుతాయి, ఆ గుంట పూడేలోపే గ్లేజు గట్టిపడిపోతుంది. రెండు మార్పులు చేశాను. మొదటిది పైన చెప్పిందే, మొదటి కాల్పులో 600 నుంచి 900 మధ్య నెమ్మదించడం, మట్టిలోని కర్బనం అక్కడే కాలిపోవడానికి. రెండోది, గ్లేజు కాల్పులో పై వేడికి వెళ్లాక 1135 కి దించి అక్కడ 30 నిమిషాలు ఆపడం, బుడగల గుంటలు పూడటానికి. రెండూ ఒకేసారి మార్చడం సరైన పద్ధతి కాదు, దేని వల్ల ఎంత తగ్గిందో నేనిప్పుడు చెప్పలేను. ఐదో విడతలో సూదిబెజ్జాలు 1, అంచు చిట్లినది 1, మంచివి 22.

చేసినవి 120, అమ్మదగినవి 41, మట్టి 55 కిలోలు. ఇందులోంచే 9 కప్పులు ఆగినవాళ్లకి పంపాం.

## పంపడం

పంపే ముందు పగిలినా బాధ లేని పాత కప్పులు ఆరు చుట్టి, పెట్టెల్లో పెట్టి, 1 మీటరు ఎత్తు నుంచి వదిలాం. నాలుగింటికి పిడి విరిగింది. విరిగినవన్నీ పిడి పెట్టె గోడ వైపు ఉన్నవే. తర్వాత ఇంకో ఆరింటికి పిడి సందులో కాగితం ఉండ కుక్కి, కప్పు లోపల కూడా నింపి, చిన్న పెట్టెలో పెట్టి, దాన్ని ఇంకో పెట్టెలో అన్ని వైపులా 5 సెం.మీ. మెత్తటి సరుకు వచ్చేలా పెట్టాం. ఆరింటికి ఆరూ నిలిచాయి. ఊపితే లోపల ఏదీ కదలకూడదు, అంతే.

## గంటల లెక్క

ధర కట్టేటప్పుడు ఇంట్లో కాస్త వాదన అయింది. "నా గంటలు వెయ్యకు, అది నాకిష్టమైన పని" అన్నారు మా ఆయన. "రేపు మీ నడుం పట్టేసి ఇంకొకర్ని సారె మీద కూర్చోబెడితే వాళ్లకి ఇవ్వమా?" అన్నాను. ఒప్పుకున్నారు. మా పద్ధతి: విడత మొత్తానికి అయిన మట్టి, గ్లేజు, కరెంటు, ఇద్దరి గంటల కూలి, కిల్న్ తీగల అరుగుదల కలిపి, చేసిన కప్పుల సంఖ్యతో కాకుండా అమ్మదగిన కప్పుల సంఖ్యతో భాగించడం. మొదటి విడతలో కప్పుకి 47 నిమిషాలు పట్టింది, 24 కప్పులకి 1128 నిమిషాలు, నిలిచినవి 3 అనుకుంటే ఒక్కోదాని మీద 376 నిమిషాలు పడ్డాయి. ఆరో విడతలో కప్పుకి 31 నిమిషాలు, మొత్తం 744, నిలిచినవి 21, ఒక్కోదానికి 35. ఇందులో చేతి వేగం వల్ల తగ్గింది కొంచెమే.

## విడత 6

గ్లేజు కాల్పు మామూలుగా 9 గంటలు. ఈసారి 13 గంటలైనా 1168 దాటలేదు. చల్లారాక మల్టీమీటరు పెట్టి చూస్తే ఒక తీగ తెగిపోయి ఉంది. ఒక్కటే మార్చకుండా అన్నీ మార్చాం, కొత్తదీ పాతవీ కలిస్తే వేడి సమానంగా రాదు. గ్లేజు సగమే కరిగిన కప్పుల్ని మళ్లీ కాల్చాం. రెండింటి గ్లేజు పొంగింది, ఒకటి అంతకుముందే పిడి దగ్గర పోయింది. ఇప్పుడు ప్రతి కాల్పుకీ 600 కి ఎంతసేపట్లో చేరింది, 1100 కి ఎంతసేపట్లో చేరింది అని రాస్తున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఐదో విడతలోనే 1100 కి చేరడానికి 50 నిమిషాలు ఎక్కువ పట్టింది. అప్పుడే పట్టుకోవాల్సింది.

చేసినవి 144, అమ్మదగినవి 62, మట్టి 66 కిలోలు.

ఏడో విడత 24 కప్పులు అర మీద బోర్లించి ఉన్నాయి, బీటలు లేవు. గుర్తు పెట్టుకున్న కప్పు నిన్న సాయంత్రం 331 గ్రాములు, ఈ ఉదయం 326. ఇంకా ఆరుతోంది.